నూట యాభై ఏళ్లకు... అమ్మభాష!

'మేం వెళ్తున్నాం' అంటే ఎదుటివాళ్లు ఆగిపోతారు. 'మనం వెళ్తున్నాం' అంటే చెప్పులేసుకుంటారు. ఇంగ్లిషులో మాత్రం రెంటికీ 'వియ్' ఒక్కటే. తెలుగులో ఉన్న ఈ సొగసు సప్తసముద్రాల అవతల, ఉత్తర అమెరికా ఆదివాసుల అల్గోంక్వియన్ భాషల్లోనూ ఉంది. క్రీ, ఒజిబ్వే, బ్లాక్‌ఫుట్... ఇలా అదో పెద్ద కుటుంబం. 'మసాచుసెట్స్' అన్న పేరూ, 'మూస్', 'స్కంక్' లాంటి మాటలూ ఇంగ్లిషుకి ఆ ఇంటినుంచే వచ్చాయి.

ఆ కుటుంబంలో ఓ భాష వాంపనోగ్. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఇంగ్లిషువాళ్లు దిగింది వీళ్ల నేలమీదే. తరవాత అంటురోగాలు, యుద్ధాలు, ఇంగ్లిషు చదువులు. 19వ శతాబ్దం వచ్చేసరికి భాష మెల్లగా నోళ్లలోంచి జారిపోయింది. మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు!

కలలో పెద్దలు

1990ల మొదట్లో జెస్సీ లిటిల్ డో బైర్డ్ అనే వాంపనోగ్ మహిళకు పదేపదే కలలొచ్చేవి. తమవాళ్లలాగే ఉన్న మనుషులు ఏదో చెబుతున్నారు... ఒక్క ముక్కా అర్థం కాదు. ఆ మాటలు తమ పూర్వికుల భాషలోవేమోనని ఆమెకు తట్టింది. 1993లో తెగలవాళ్లను కలుపుకుని భాషను బతికించే పని మొదలుపెట్టారు. ఆపైన ప్రఖ్యాత ఎంఐటీలో చేరి, కెన్ హేల్ అనే భాషావేత్త దగ్గర చదివి, 2000లో మాస్టర్స్ పట్టా అందుకున్నారు.

మాట్లాడేవాళ్లు లేకపోతేనేం, కాగితాలున్నాయి. మత ప్రచారం కోసం జాన్ ఎలియట్ ఈ భాషలోకి మార్పించిన బైబిల్ 1663లో అచ్చయింది. అమెరికా గడ్డపై అచ్చయిన మొదటి బైబిల్ అదే. అచ్చుపనిలో జేమ్స్ ప్రింటర్ అనే ఆదివాసీ చెయ్యీ ఉంది. పాత నమ్మకాల్ని మాన్పించడానికి వేసిన పుస్తకమే చివరికి భాషను దాచిపెట్టింది! రాయడం నేర్చిన వాంపనోగ్‌లు తమ భాషలోనే వీలునామాలు, భూమి పత్రాలు, ఉత్తరాలు రాసుకున్నారు.

అక్కచెల్లెళ్ల సాయం

కాగితం మీద మాట ఉంటుంది, పలుకుబడి ఉండదు. అదెలా? అక్కడే అక్కచెల్లెళ్ల భాషలు ఆదుకున్నాయి. తమిళంలో 'పాల్', తెలుగులో 'పాలు', కన్నడంలో 'హాలు' అన్నట్టే అక్కడా ధ్వనులు ఓ వరస ప్రకారం మారతాయి. కుక్కని ఒక్కోచోట 'అనుమ్', 'అయిమ్', 'అరుమ్', 'అలుమ్' అంటారని రోజర్ విలియమ్స్ 1643లోనే రాసిపెట్టాడు. ఇలాంటి వరసల్ని శాస్త్రీయంగా తేల్చినవాళ్లలో లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ ముఖ్యుడు. ఈ లెక్కల సాయంతోనే బైర్డ్ బృందం పలుకుల్ని తేల్చింది, లేని మాటల్ని పూరించింది, పదివేల మాటల నిఘంటువు తయారుచేసింది. 2010లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ దక్కింది.

అంతకన్నా పెద్ద బహుమతి ఇంట్లోనే ఉంది. ఆమె కూతురు ఉగ్గుపాలతోనే ఈ భాష నేర్చింది. నూట యాభై ఏళ్లలో అలా పెరిగిన మొదటి బిడ్డ ఆ అమ్మాయే. 2016లో మాష్పీలో చిన్నపిల్లల బడి కూడా తెరిచారు. పాఠాలన్నీ వాంపనోగ్‌లోనే.

ఈ భాషలో భూమి పోగొట్టుకోవడమంటే నిలువుకాళ్ల మీంచి పడిపోవడమేనని బైర్డ్ వివరిస్తారు. తాతల భూమి పత్రాలు ఇంగ్లిషు అనువాదంలో చదివితే అవి ఉత్త దస్తావేజులు. ఈ పిల్లలు పెద్దయ్యాక వాటిని తమ మాటల్లోనే చదువుకోగలరు.