మందలో తోడేలు వాటా

కథలాపూర్ నుంచి కోరుట్ల దారి పట్టినా, సిరిసిల్ల దారి పట్టినా ఎక్కడో ఒకచోట గొర్ల మంద ఎదురవుతుంది. కాపరి భుజాన గొంగడి, చేతిలో కర్ర, వెంట కుక్క. ఆ కుక్క ఎందుకుందో తెలిస్తే తోడేలుకూ మనిషికీ ఉన్న బంధం సగం తెలిసినట్టే.

రోమ్ నగరాన్ని కట్టిన అన్నదమ్ములకు ఆడ తోడేలు పాలిచ్చిందని అక్కడి కథ. పాతకాలపు తుర్కులు తమ వంశానికి మూలం తోడేలేనని చెప్పుకున్నారు. ధైర్యానికీ కట్టుబాటుకూ గుర్తుగా తోడేలును తలుచుకునేవాళ్లు నేడూ ఉన్నారు. కానీ గొల్ల, కురుమల ఇళ్లలో ఆ మాట అంత తేలిగ్గా నోటికి రాదు. రాత్రిపూట దొడ్డిలో పడి గొర్రెను ఎత్తుకుపోయేదాన్ని మొక్కడం ఎట్లా?

ఈ చిక్కు చాలా పాతది. ఋజ్రాశ్వుడు ఒక ఆడ తోడేలు కోసం నూరు గొర్రెలను కోసి పెట్టాడని ఋగ్వేదం చెబుతుంది. తండ్రి కోపంతో అతని చూపు పోగొట్టాడు. అప్పుడు ఆ తోడేలే అశ్వినీ దేవతలకు మొరపెట్టుకుంది, వాళ్లు అతనికి కళ్లిచ్చారు. అందరూ కొడుకు దయను మెచ్చుకుంటారు. నాకు తండ్రి కోపం కూడా న్యాయంగానే తోస్తుంది. నూరు గొర్రెలంటే ఒక ఇంటి బతుకు. దయ చూపింది ఒకరు, నష్టపోయింది ఇంకొకరు.

ఒగ్గుకథలు మల్లన్ననూ బీరప్పనూ గొర్ల కాపరుల దేవుళ్లుగా పాడతాయి. సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగే కొమురవెల్లి మల్లన్న జాతరకు ఈ ఊళ్ల నుంచీ జనం వెళ్తారు. మల్లన్ననే మహారాష్ట్రలో ఖండోబాగా కొలుస్తారు. ఆయన పక్కన గుర్రంతో పాటు కుక్క ఉంటుంది. కుక్కల పూర్వీకులు తోడేళ్లే. కనీసం 15 వేల ఏళ్ల కిందటే కొన్ని తోడేళ్లు మనిషి పంచన చేరి కుక్కలయ్యాయి. అట్లా ఒక చుట్టం దేవుడి పక్కకు చేరింది, ఇంకో చుట్టం దొడ్డి బయటే ఉండిపోయింది. బయట ఉన్నదాన్నీ కాపరులు పూర్తిగా పరాయిదనుకోలేదు. మందలో తోడేలుకూ ఒక వాటా ఉందనే నమ్మకం దక్కన్ కాపరుల్లో ఉంది. తోడేలు దొంగతనాన్ని ఆ నమ్మకం మాఫీ చేయదు, అన్నదమ్ముల పంపకంలా లెక్కకడుతుంది. తోడేలు గురించి నేను విన్న మాటల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే.

మన తోడేలు దట్టమైన అడవి జంతువు కాదు. గడ్డి మైదానాలు, గుట్టలు, తుప్పలు దాని తావు. సుమారు 20 కిలోల బరువు, చిన్న గుంపు. చలికాలంలో బండల సందుల్లోనో బొరియల్లోనో పిల్లలు పెడుతుంది. కృష్ణజింక, కుందేలు దొరికితే సరే, లేకపోతే గొర్రే దిక్కు. ఒకటి కుక్కలను దూరంగా ఉరికిస్తే రెండోది వెనక నుంచి గొర్రెను పడుతుందని కాపరులు చెబుతారు. అది తిరిగే నేలను మన రికార్డులు బంజరు అంటాయి. బంజరంటే ఎవరికీ పనికిరానిదనుకొని చదును చేస్తాం, కంచె వేస్తాం. దాంతో తోడేలు బొరియా, కాపరి మేతా ఒకేసారి పోతాయి.

1972 వన్యప్రాణి చట్టం తోడేలుకు అత్యున్నత రక్షణ ఇచ్చింది. అయినా భారతీయ తోడేళ్లు ఇప్పుడు సుమారు 3 వేలే మిగిలాయని అంచనా. ఇక కాపరి వైపు చూడండి. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో ఒక యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు, అప్పటి ధర లక్షా 25 వేలు. అంటే ఒక్కో జీవం దాదాపు 6 వేల రూపాయలు. మందలో వాటా ఉందన్న నమ్మకం ఎంత గట్టిదైనా, ఆ 6 వేలు ఒక్క కాపరే భరించాలనడం అన్యాయం. తోడేలు బతకాలని కోరుకునే మనమందరం ఆ వాటాలో పాలు పంచుకోవాలి. పోయిన గొర్రెకు పరిహారం జాప్యం లేకుండా అందాలి.

డబ్బు పెద్దగా అక్కర్లేని పని ఒకటుంది. ఊరకుక్కల నుంచి రేబిస్ తోడేళ్లకు సోకుతుంది. పిచ్చి పట్టిన తోడేలు మనుషుల మీద పడితే ఊరంతా కర్రలు పట్టి ఆరోగ్యంగా ఉన్నవాటినీ చంపుతుంది. కాపరి వెంట తిరిగే కుక్కకూ, ఊళ్లోని కుక్కలకూ ఏటా టీకా వేయిస్తే మందకూ మనిషికీ గుట్ట మీది తోడేలుకూ కాపుదల దొరుకుతుంది.