మిషను ముందా, ఫిల్టరు ముందా?

చేతిలో కాస్త డబ్బు, ఒంట్లో ఓపిక ఉంటే చిన్న కాఫీ షాపు పెట్టుకోవచ్చని ఈమధ్య చాలామంది ఆడవాళ్లు అనుకుంటున్నారు. మంచి ఆలోచనే. చిక్కల్లా సామాను కొనే దగ్గరే. షాపంటే నిగనిగలాడే ఎస్ప్రెస్సో మిషను ఉండి తీరాలన్న భ్రమ ఒకటి మనల్ని పట్టుకుంది.

మా ఆడపడుచు కూతురు పోయిన ఏడాది కాలేజీ ఎదురుగా చిన్న గది అద్దెకు తీసుకుంది. చీటీ పాడిన రెండు లక్షలే పెట్టుబడి. "మిషనుకే లక్షన్నర అంటున్నారు అత్తయ్యా, గొలుసు తాకట్టు పెట్టనా?" అంది. "గొలుసు మెడలోనే ఉండనీ. ముందు కాగితం, పెన్ను తీసుకో" అన్నాను.

మొదటి లెక్క రద్దీది. ఎస్ప్రెస్సో మిషనులో మెత్తటి పొడి గుండా వేడినీళ్లు 9 బార్ల ఒత్తిడితో 25, 30 సెకన్లలో దిగుతాయి. నిజమే. కానీ పొడి నింపి, అదిమి, పాలకు ఆవిరి పట్టి కప్పు చేతికిచ్చేసరికి రెండు నిమిషాలు. కాలేజీ విరామం పావుగంట. ఒక్క మనిషి చేస్తే ఏడెనిమిది కప్పులు! అదే డికాక్షన్ ముందే దింపుకుని, పాలు కాగి ఉంటే ముప్పై మందికి ఇవ్వొచ్చు.

రెండోది కరెంటు. చిన్న మిషనే 2, 3 కిలోవాట్లు లాగుతుంది. ఇంట్లో వాడే ఇన్వర్టరు దాన్ని మోయలేదు. మూడోది నీళ్లు. బోరు నీళ్లలోని సున్నం బాయిలరులో గారలా పేరుకుంటుంది. దాన్ని ఆపే ఏర్పాటు మరో ఖర్చు.

చివరికి ఏం కొన్నామంటే, పెద్ద స్టీలు ఫిల్టర్లు రెండు. ఒకటి దిగుతుంటే ఒకటి వాడకానికి. నీళ్ల బాయిలరు, పాలకు మందపాటి గిన్నె, రెండు పొయ్యిల స్టవ్వు, వ్యాపారానికిచ్చే 19 కిలోల సిలిండరు. ఇంటి సిలిండరు షాపులో వాడకూడదు. గ్రైండరు మాత్రం మంచిదే తీసుకోమన్నాను. మిక్సీలో పొడి కొంత మెత్తగా, కొంత బరకగా వస్తుంది. మరీ మెత్తనైతే డికాక్షన్ దిగదు, బరకైతే పల్చగా దిగుతుంది. పళ్ల చక్రాల మధ్య నలిపే గ్రైండరైతే పొడి ఒకేలా వస్తుంది.

పాలు వద్దనే పిల్లల కోసం ఒక ఫ్రెంచ్ ప్రెస్ కూడా తీసుకున్నాం. బరక పొడి, వేడినీళ్లు, 4 నిమిషాలు. కరెంటుతో పనే లేదు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన అరకు అరబికా అసలు రుచి చికోరీ లేకుండా ఇలా తాగితేనే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. డికాక్షన్‌ని నేరుగా పొయ్యిమీద మరిగిస్తే చేదెక్కుతుంది. గిన్నెను వేడినీళ్లలో ఉంచాలి.

ఇప్పుడు రోజుకు వంద కప్పులు దాటుతున్నాయి. గొలుసు బ్యాంకు గడప తొక్కలేదు. "ఇక మిషను కొంటానత్తయ్యా, లాభంలోంచే" అంటోంది. కొనుక్కోనీ. అడిగేవాళ్లు వచ్చాక కొంటే అది బరువు కాదు.

మీరూ మిషను కొనేముందు అమ్మేవాళ్లని అడగండి. చెడిపోతే బాగుచేసే మనిషి ఏ ఊరి నుంచి రావాలి? రబ్బరు వాషర్లు విడిగా దొరుకుతాయా? మా పొడితో, మా పాలతో పది కప్పులు చేసి చూపిస్తారా? సరైన జవాబు రాకపోతే డబ్బు కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చేయండి.