తేనెటీగలకు చక్కెర పాకం ఎప్పుడు ఆపాలి?

తేనెటీగలకు చక్కెర పాకం ఎప్పుడు మొదలుపెట్టాలో మన శిక్షణ తరగతులలో వివరంగానే చెబుతాము. ఎప్పుడు ఆపాలని రైతు అడిగితే మాత్రం "పూత రాగానే" అని ఊరుకుంటాము. ఆ సమాధానం చాలదు.

చల్లని దేశాలలో ఇది తొలి వసంతపు ప్రశ్న. శీతాకాలమంతా నిల్వ తేనెతో బతికిన ఈగలు, చలి తగ్గుతూనే పిల్లలను పెంచడం ప్రారంభించి, మిగిలిన నిల్వను వేగంగా ఖర్చు చేస్తాయి. మన తెలుగు ప్రాంతాలలో ఈగలకు గడ్డుకాలం వర్షాకాలం. జూన్ నుండి సెప్టెంబరు వరకు మకరందం కరవై, వానలకు బయటికి పోలేక అవి చిక్కిపోతాయి. కనుక అక్కడివారు మార్చిలో వేసుకునే ప్రశ్నను మనం వానల చివర, రబీ పైర్లు పూతకు వచ్చేలోగా వేసుకోవాలి.

పాకం పోయడానికి రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి ఆకలి తీర్చడం. రెండవది, చక్కెర, నీరు సమపాళ్లలో కలిపిన పలుచని పాకంతో మకరందం వస్తున్నట్లు భ్రమింపజేసి, రాణి చేత ఎక్కువ గుడ్లు పెట్టించడం. ఈ రెండింటినీ ఆపవలసిన సమయాలు వేరు. విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడే.

రెండవదానికి విత్తిన తేదీయే ఆధారం. పొద్దుతిరుగుడు విత్తిన సుమారు 60 రోజులకు పూతకు వస్తుందనుకుందాము. ఒక పొలంలో పూత రెండు మూడు వారాలుంటుంది. గుడ్డు కూలి ఈగగా మారడానికి 21 రోజులు, ఆ ఈగ గూటి పనులు ముగించుకొని మేతకు వెళ్లడానికి మరో మూడు వారాలు, మొత్తం ఆరు వారాలు పడుతుంది. అంటే విత్తిన 40 రోజుల తరువాత పెట్టిన గుడ్ల నుండి వచ్చే ఈగలు ఆ పొలంలో ఎండిన పువ్వులనే చూస్తాయి. ఆ తరువాత గుడ్ల కోసం పాకం పోయడం వృథా. ఆకలి ఉంటేనే పోయాలి.

ఆకలి ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడమే కష్టం. ఈగల కాళ్లకు పుప్పొడి ఉండలు కనబడగానే పూత వచ్చిందని తలచి పాకం మానేసేవారున్నారు. మొక్కజొన్న విస్తారంగా సాగయ్యే చోట ఇది ప్రమాదకరం. మొక్కజొన్న పుప్పొడినే ఇస్తుంది, మకరందం ఇవ్వదు. పుప్పొడి అందితే పిల్లల పెంపకం జోరందుకుంటుంది, దానితో తేనె ఖర్చూ పెరుగుతుంది. సరిగ్గా ఆ సమయంలో పాకం ఆపితే, నిండుగా కనబడుతున్న పెట్టె కొద్ది రోజులలోనే ఆకలికి కూలిపోతుంది. చల్లని దేశాలలో హేజెల్ చెట్టు పుప్పొడి కూడా తొలి వసంతంలో ఇటువంటి ఆశే చూపుతుంది.

చట్రాన్ని అడ్డంగా పట్టి విదిలిస్తే పలుచని బొట్లు రాలడం కొత్త మకరందానికి గుర్తు అంటారు. నిజమే, కాని పాకం పోస్తున్న పెట్టెలో రాలేది ఆ పాకమే కావచ్చు. పట్టు అంచున తెల్లని కొత్త మైనమూ అంతే, పాకంతోనూ వస్తుంది. కాబట్టి పాకాన్ని మూడు రోజులు నిలిపి చూడడం మంచిదని నా అభిప్రాయం. ముందుగా పిల్ల గదిలో మూతపడిన తేనె కనీసం రెండు చట్రాలు ఉన్నదో లేదో చూడాలి. లేకపోతే ఈ పరీక్ష చేయరాదు. ఉంటే, రోజూ చీకటి పడ్డాక, ఈగలన్నీ గూటికి చేరాక, పెట్టెను తూకం వేయాలి. బరువు నిలకడగా ఉన్నా పెరిగినా పాకం ఆపవచ్చు. తగ్గుతుంటే మళ్లీ పోయాలి, అదీ సాయంత్రం పూట, పెట్టె లోపలే. లేకపోతే పొరుగు పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నేను ఒకసారి ఆలస్యం చేశాను. పొద్దుతిరుగుడులో గింజ కట్టుపై ప్రయోగం కోసం తెచ్చిన పెట్టెలకు, పూలు విచ్చుకున్నాక కూడా వారం పాటు పాకం పోయించాను. ఈగలు బలంగా ఉండాలన్న ఆత్రమే కారణం. పిల్ల గది అరలు పాకంతో నిండి రాణికి గుడ్లు పెట్టే చోటు కరవైంది. మిగిలిన పాకం పై తేనె గదికి చేరింది. పరీక్షకు పంపిన తేనెలో సుక్రోజు పరిమితిని దాటింది. ఆ తేనె నాది కనుక పారబోశాను. నా సలహా విన్న రైతుదే అయి ఉంటే?

పెట్టెల తేనెలో సుక్రోజు 5 శాతానికి, సి4 చక్కెర 7 శాతానికి మించరాదని మన ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. సమయం చిక్కితే ఈగలు తమ ఎంజైముతో సుక్రోజును విడగొట్టగలవు, కాని కార్బన్ ఐసోటోపుల నిష్పత్తిని మార్చలేవు. చెరకు సి4 మొక్క. పొద్దుతిరుగుడు, వలిసె, ధనియాలు సి3 మొక్కలు. తరగతి గదిలో కిరణజన్య సంయోగక్రియ పాఠంగా చెప్పే ఈ తేడాయే ప్రయోగశాలలో రైతును కల్తీదారుగా చూపగలదు, అతడు కల్తీ చేయకపోయినా. అందుచేత తేనె గదిని పైన ఉంచిన రోజు నుండి పాకం చుక్క కూడా పోయరాదు. అంతకు ముందు పాకంతో నిండిన చట్రాలపై రంగుతో గుర్తు పెట్టి, వాటిని తేనె తీసే యంత్రానికి దూరంగా, బలహీనమైన కుటుంబాలకు ఇవ్వాలి.

అక్టోబరు, నవంబరులలో కోస్తాలో తుపాను పట్టి ఈగలు నాలుగైదు రోజులు గూడు కదలలేకపోతే ఏమి చేయాలని అడుగుతారు. రెండు చట్రాల నిల్వ ఉంచమన్నది అందుకే. అదీ తరిగితే తేనె గదిని దించి పాకం పోయాలి. ఆ విడత తేనె తగ్గుతుంది, కుటుంబం మిగులుతుంది. పుట్ట తేనెటీగల విషయంలో ఇంకా తొందరపడాలి. ఇటాలియన్ ఈగలు ఆకలితో పెట్టెలోనే చనిపోతాయి. పుట్ట ఈగలు అంతవరకు ఉండవు, పట్టు వదిలి లేచిపోతాయి.