నిలువుటద్దం ఎవరి కోసం?

బొట్టు నుంచి మెట్టెల దాకా కనిపించాలంటే అద్దం మనిషంత ఎత్తు ఉండాలా? అక్కర్లేదు, సగం చాలు. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి రెండడుగుల ఎనిమిదంగుళాల అద్దం, సరైన ఎత్తులో తగిలిస్తే సరిపోతుంది. పాదం నుంచి బయల్దేరిన వెలుగు కంటి ఎత్తులో సగం దగ్గర అద్దాన్ని తాకి కంటికి చేరుతుంది. వెనక్కి జరిగినా ఈ లెక్క మారదు.

మరి ముందుగదిలో గుమ్మానికెదురుగా నిలబెట్టే అద్దం బీరువా? అది వచ్చినవాళ్లు చూసేందుకు. పెళ్లి సారెతో ట్రాలీలో దిగిన బీరువాకు అద్దముందో లేదో వాడకట్టంతా చూస్తుంది.

ఒకప్పుడు ఆ గొప్ప గాజుదే. వెనిస్ పక్కన మురానో దీవిలో తగరపు రేకు మీద పాదరసం పోసి, దానిపై గాజు పరిచి అద్దం చేసేవారు. పాదరసపు ఆవిరి పనివాళ్ల ఒళ్లు గుల్ల చేసేది. 1684లో పూర్తయిన ఫ్రెంచి రాజు అద్దాల మందిరంలో 357 అద్దాలు! అవి ముఖాలు చూసుకోవడానికేనంటే ఎవరు నమ్ముతారు?

1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ గాజు మీద వెండిని పేరబెట్టే దారి కనిపెట్టాడు. వెండి నైట్రేటు, అమ్మోనియా, కాస్త చక్కెర చాలు. చక్కెర ఎలక్ట్రాన్లిస్తుంది, వెండి అయాన్లు లోహమై గాజును పట్టుకుంటాయి. ఆ పొర వెంట్రుక మందంలో దాదాపు వెయ్యోవంతు. 1959లో పిల్కింగ్టన్ సంస్థ కరిగిన తగరం మీద గాజును తేలించి చదునైన పలకలు తీసే పద్ధతిని ప్రకటించింది. అద్దం వెనకుండే తగరం గాజు కిందికి చేరింది. అద్దం చవకైపోయింది.

ఇక గొప్ప చూపేది చట్రమే. ఈ విద్య నిర్మల్ నకాషీలను అడగాలి. తేలికైన పొణికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, సుద్ద పూసి రంగులు దిద్దుతారు. వాళ్లకు పేరు తెచ్చిన బంగారు మెరుపును పాతరోజుల్లో మూలికల పసరుతోనే తెప్పించేవారు. అలాంటి పూలతీగ చుట్టూ పాకితే రెండడుగుల అద్దం కూడా జమీందారులా నిలబడుతుంది.

చట్రం ఎంత ఘనమైనా తేమను ఆపలేదు. అంచుల్లోంచి దూరిన చెమ్మ, గాలిలోని గంధకపు వాయువులు వెండిని నల్లబరుస్తాయి. మూలల్లో మచ్చలవే.

ఈసారి ఎవరింటికైనా పోతే బీరువా అద్దం మీద అంటించిన బొట్టుబిళ్లలు చూడండి. అన్నీ పైసగంలోనే. కింద పిల్లల చేతి మరకలు.