రాజుగారు నీళ్ళోసుకున్న నవల... దాని వెనుక విమర్శ కథ!

రాజుగారు నీళ్ళోసుకున్నారు! ఆ కబురు విని రాజ్యంలో ఒక్కరైనా ముక్కున వేలేసుకోలేదు.

ఇదేదో హాస్యచిత్రంలో సీను కాబోలనుకునేరు. కానే కాదు. అమెరికన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ 1969లో వెలువరించిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ అనే సైన్స్ ఫిక్షన్ నవలలో సంగతి ఇది. గెథెన్ అనే మంచు గ్రహం. అక్కడి మనుషులు నెలలో మూడు వారాలకు పైగా ఆడా కాదు, మగా కాదు. మిగిలిన ఆ నాలుగు రోజుల్లో ఎవరు ఆడ అవుతారో, ఎవరు మగ అవుతారో ముందుగా వాళ్ళకే తెలియదు. ఒకసారి తండ్రి అయినవారు మరోసారి తల్లి కావచ్చు! అలాంటి లోకానికి మన భూమి నుంచి జెన్లీ అయ్ అనే దూత వెళతాడు. అదీ కథ.

సినిమా వాళ్ళకు ఫిలింఫేర్ ఎలాగో, సైన్స్ ఫిక్షన్ వాళ్ళకు హ్యూగో, నెబ్యులా అలాగ. ఆ రెండూ ఈ నవలకే దక్కాయి. అయితే మనం చెప్పుకోబోయేది బహుమతుల గురించి కాదు. ఇలాంటి పుస్తకాలను చదివినవాళ్ళ గురించి, వాటి మీద సమీక్షలు రాసినవాళ్ళ గురించి.

అట్ట మీద లేని సంగతి

స్త్రీ స్త్రీని, పురుషుడు పురుషుణ్ణి ప్రేమించడం, ఆడా మగా అనే గీతల్లో ఇమడకపోవడం... వీటన్నిటినీ కలిపి ఇవాళ ‘క్వీర్’ అంటున్నారు. ఒకప్పుడు ఈ సంగతులు మామూలు నవలల్లో రాస్తే గొడవయ్యేది. వేరే గ్రహం మీద జరిగినట్టు రాస్తే కొంతవరకు చెల్లేది. 1953లోనే థియొడోర్ స్టర్జన్ ‘ది వరల్డ్ వెల్ లాస్ట్’ అనే కథలో, మరో గ్రహం నుంచి పారిపోయి వచ్చిన ప్రేమజంటను అడ్డుపెట్టుకుని స్వలింగ ప్రేమను సానుభూతితో చిత్రించాడు.

ఈ కిటుకు మన సినిమా ప్రేక్షకులకు కొత్తేమీ కాదు. 1963లో ‘నర్తనశాల’లో ఎన్.టి.రామారావుగారు బృహన్నలగా జడ వేసుకుని, గజ్జె కట్టి ఉత్తరకు నాట్యం నేర్పితే జనం నీరాజనం పట్టారు. అదే వేషం ఆనాటి సాంఘికంలో హీరోకి వేసి ఉంటే? పౌరాణికంలో చెల్లింది సాంఘికంలో చెల్లదు మరి! మనకు పురాణం ఎలాగో, వాళ్ళకు గ్రహాంతర కథ అలాగ.

కానీ చిక్కల్లా ఎక్కడంటే, అట్ట మీద రాకెట్టు బొమ్మే తప్ప లోపలి సంగతి ఉండేది కాదు. తనలాంటివాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉన్నారా అని పుస్తకాల్లో వెతుక్కునే కుర్రవాడికి, ఆ అమ్మాయికి దారి చూపేదెవరు? ఎరిక్ గార్బర్, లిన్ పలేయో అనే ఇద్దరు పాఠకులు ఆ పనికి పూనుకున్నారు. ఇలాంటి కథలన్నిటినీ ఏరి, ఒక్కొక్క దాని గురించి నాలుగు మాటలు రాసి 1983లో ‘యురేనియన్ వరల్డ్స్’ అనే జాబితా గ్రంథం తెచ్చారు. సమీక్ష అంటే మార్కులు వేయడమే కాదు, ఒక్కొక్కసారి చిరునామా చెప్పడం కూడా!

‘అతడు’ ఎందుకన్నావ్?

మళ్ళీ గెథెన్‌కు వద్దాం. ఆడా మగా కాని ఆ మనుషులందరినీ లెగ్విన్ నవల పొడుగునా ‘అతడు’ అనే రాసింది. దీన్ని నిలదీసినవారిలో జొవానా రస్ ఒకరు. రస్ స్వయంగా స్త్రీలను ప్రేమించిన స్త్రీ. మగవాళ్ళే లేని గ్రహంలో స్త్రీలు స్త్రీలను పెళ్ళాడే ‘వెన్ ఇట్ చేంజ్‌డ్’ కథ 1972లో రాసి నెబ్యులా అందుకున్న రచయిత్రి. 1966 నుంచి 1980 దాకా ఒక పేరున్న సైన్స్ ఫిక్షన్ పత్రికలో పుస్తక సమీక్షలూ రాసింది. ఆమె కలం మొహమాటం ఎరగదు. గెథెన్ వాసులు పేరుకే ఇద్దరూ, చదివేవాళ్ళకు మాత్రం మగవాళ్ళుగానే కనిపిస్తున్నారని ఆమె ఫిర్యాదు. మనవైపు మాట్లాడే పుస్తకం కదా అని చూసీచూడనట్టు వదిలెయ్యలేదు!

లెగ్విన్ మొదట ఒప్పుకోలేదు. 1976లో ఒక వ్యాసం రాసి తన ‘అతడు’ను సమర్థించుకుంది. కానీ విమర్శ లోపల పని చేస్తూనే ఉంది. అంతకు ముందు ఏడాదే, అదే గ్రహం మీద తాను రాసిన పాత కథ ‘వింటర్స్ కింగ్’లో ‘అతడు’లన్నీ తీసి ‘ఆమె’ అని తిరగరాసింది. 1987లో ఆ పాత వ్యాసానికే కొత్త వ్యాఖ్యలు చేర్చి, విమర్శకుల మాటే సబబని ఒప్పుకుంది. గెథెన్‌లో స్వలింగ ప్రేమకు చోటివ్వకపోవడమూ లోపమేనంది. 1995లో అక్కడి కథే ఇంకొకటి రాసి ఆ లోటూ పూడ్చింది.

ఇదే కథ తెలుగులో రాస్తే? ‘అతను వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’ దగ్గర మనకూ ఇరకాటమే. కానీ గౌరవంగా ‘వారు వచ్చారు’ అనండి, అందులో అందరూ ఇమిడిపోతారు! ‘రాజుగారు నీళ్ళోసుకున్నారు’ అన్నప్పుడు మన వ్యాకరణం ఎక్కడా తడబడలేదు, గమనించారా?

బల్లగుద్ది చెప్పారు... బోల్తాపడ్డారు!

విమర్శకులకూ చురకలు తగిలాయి. జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ అనే అజ్ఞాత రచయిత ఆడమనిషేమోనని కొందరు అనుమానిస్తే, రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో ఒక ముందుమాటలో ఆ ఊహను కొట్టిపారేశాడు. ఆ శైలిలో మగతనం ఉట్టిపడుతోందన్నాడు. రెండేళ్ళు తిరక్కుండా తేలిందేమిటయ్యా అంటే, ఆ టిప్‌ట్రీ ఆలిస్ షెల్డన్ అనే మహిళ! కథను చదవడం మాని రాసినవారి ఆడ, మగ తేల్చబోతే వచ్చే తంటా ఇదే.

ఇక ఇప్పటి మాట. అమల్ ఎల్-మొహ్తర్, మాక్స్ గ్లాడ్‌స్టోన్ కలిసి 2019లో ‘దిస్ ఈజ్ హౌ యూ లూజ్ ద టైమ్ వార్’ రాశారు. కాలాల మధ్య యుద్ధంలో శత్రుపక్షాల గూఢచారిణులిద్దరు ఉత్తరాలు రాసుకుంటూ ప్రేమలో పడతారు. హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి. అయినా 2023లో ఒక అభిమాని ట్విట్టర్‌లో ‘ఏమీ ఆరా తీయకండి, చదవండంతే’ అన్న అర్థం వచ్చేలా నాలుగు ముక్కలు రాసేసరికి అమ్మకాలు ఒక్కసారిగా ఆకాశాన్నంటాయి! పత్రికల సమీక్షలు చేయలేని పని ఒక పాఠకుడి ఉత్సాహం చేసిపెట్టింది.

మన దేశంలో స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది. కానీ తీర్పు వచ్చినంత తొందరగా పుస్తకాల అలమరలు మారవు. కనుక ఇలాంటి పుస్తకం మీద రాసేవాళ్ళకు మనవి ఒక్కటే. లోపల ఏముందో దాచకండి, దాని కోసమే వెతికేవాళ్ళుంటారు. అలాగని అంతటితో ఆగిపోకండి. కథ బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. జాలిపడి వేసే మార్కులు ఏ రచయితకూ అక్కరలేదు. జొవానా రస్ మొహమాటపడి ఊరుకుని ఉంటే, లెగ్విన్ తన మంచు గ్రహానికి మళ్ళీ వెళ్ళి ఉండేదా?