గుండెపోటు – రక్తపు గడ్డ

చేతికి చిన్న గాయమైనపుడు కొద్ది నిమిషములలో రక్తము గడ్డకట్టి స్రావము నిలిచిపోవును. రక్తఫలకికలు గాయమునకు అంటుకొనగా, ఫైబ్రినోజెన్ అను మాంసకృత్తు సన్నని దారములుగా మారి వానిని వలవలె బంధించును. ప్రాణరక్షణకై ఏర్పడిన ఈ శక్తియే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమగును.

గుండె కండరమునకు రక్తము నందించు హృదయ ధమనుల గోడలలో ఏండ్ల తరబడి క్రొవ్వు పేరుకొనును. దానిపై పొర చిట్లినపుడు, గాయమైనచోట వలెనే అచ్చటను రక్తము గడ్డకట్టును. ధమని మూసికొనిపోగా, రక్తమందని కండరము నశింప నారంభించును. ఇదియే గుండెపోటు.

రక్తములో ఫైబ్రినోజెన్ హెచ్చుగా గలవారిలో ఈ వ్యాధి అధికముగా కన్పట్టుచున్నదని 1986లో లండనులోని నార్త్‌విక్ పార్క్ పరిశోధకులు ప్రకటించిరి. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగుటచే ఆ పదార్థము పెరుగును. మానినచో క్రమముగా తగ్గును.

గడ్డను కరగించు మందులు మొదటి గంటలలోనే మిక్కిలి ఫలించును. 1988లో వెలువడిన ఒక గొప్ప పరిశోధనలో, 17,187 మంది రోగులపై పరీక్షింపగా, ఆస్పిరిన్ కూడ మరణములను తగ్గించునని తేలినది. అయితే ఈ మందులను వైద్యుని సలహాపైననే వాడవలెను.

కావున రొమ్ము బిగపట్టినట్లు నొప్పి కలిగి, అది చేతికిగాని దవడకుగాని ప్రాకినను, చెమటలు పోసినను, అజీర్తి యని ఉపేక్షింపక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆలస్యమైన కొలది నశించు కండరము మరల రాదు.