పడమటి కర్నూలు సీమ

రాఘవేంద్రస్వామి బృందావన దర్శనానికి మంత్రాలయం వచ్చే యాత్రికులు ఏటా లక్షల్లో ఉంటారు. వారిలో చాలామంది తుంగభద్రలో స్నానమాచరించి, స్వామిని సేవించి, వచ్చిన దారినే మరలిపోతారు. చేరువలోనే ఉన్న ఎమ్మిగనూరు, ఆదోని పట్టణాలలో ఆగేవారు అరుదు. నిజానికి మంత్రాలయం భూమిని స్వామికి దానమిచ్చినవాడు ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ అని ప్రతీతి.

ఆదోని కొండలు గుండ్లను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. వాటిపై నెలకొన్న దుర్గం విజయనగర రాజులది. 1565లో జరిగిన రాక్షసి–తంగడి యుద్ధం తరువాత అది బిజాపూరు సుల్తానుల వశమైంది. వారి ప్రతినిధియైన మసూద్ ఖాన్ ఆఫ్రికా సంతతివాడు. 17వ శతాబ్దంలో ఆయన కట్టించిన జామియా మసీదు పట్టణానికి నేటికీ అలంకారమే. పిదప మొగలులు, నిజాములు ఏలిన ఈ కోటను 1786లో టిప్పు సుల్తాన్ జయించాడు. 1800లో ఈ ప్రాంతం దత్తమండలాలలో భాగంగా ఆంగ్లేయుల పాలనలోకి వచ్చింది. 1953 వరకు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఇక్కడివారి పలుకుబడిలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపించడానికి ఈ చరిత్రయే కారణం.

ఈ సీమకు జీవనాధారం నల్లరేగడి నేల. అందులో పండిన పత్తి ఆదోని మార్కెట్టుకు చేరుతుంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప కృషితో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. అక్కడ నేసిన దుప్పట్లు దూరప్రాంతాలలో సైతం పేరొందాయి. మరమగ్గాల పోటీలో చేనేత కళ తగ్గినా, ఆ పట్టణం పేరు చెప్పగానే ముందుగా గుర్తుకు వచ్చేది మగ్గమే.

కొరత అంతా వానదే. తుంగభద్ర పక్కనే ప్రవహిస్తున్నా పొలాలలో అధికభాగం ఆకాశం వైపు చూడవలసినవే. వానలు మొగం చాటేసిన ఏడు కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి, పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు ప్రాంతానికి తరలిపోతాయి. దీనినే ఇక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఊరిలో మిగిలేది ముసలివారు, కొందరు పిల్లలు.

విజయదశమి రాత్రి హొళగుంద మండలంలోని దేవరగట్టుకు వెళితే ఈ సీమ మరొక రూపంలో కనిపిస్తుంది. మాళమల్లేశ్వరస్వామి కల్యాణానంతరం ఉత్సవమూర్తుల కోసం గ్రామాలవారు దివిటీల వెలుగులో కర్రలతో తలపడతారు. దీనిని బన్ని ఉత్సవమంటారు. ఏటా పలువురు గాయపడుతుండటం విచారకరమే. అధికారులు ఎంత వారించినా ఆచారం ఆగలేదు. కర్రల చప్పుడు సద్దుమణిగిన తరువాత పూజారి రాబోయే వానలను, పంటల ధరలను గూర్చి భవిష్యవాణి వినిపిస్తాడు. అంతసేపు పోరాడినవారు ఊపిరి బిగబట్టి ఆ మాటలు వింటారు. ఆ ఏడు సుగ్గికి పోవలసి ఉంటుందో లేదో వారు తెలుసుకోగోరేది అందులోనే.